మీటరాయన తేల్చిన తెలుపు

తమ్ముడు జీవితంలో మొట్టమొదట సాధించింది నలుపు. అందుకు పదకొండు రోజులు పట్టింది. ఆఫీసుకు రెండు రోజులు సెలవు పెట్టి, ఇంట్లోవాళ్ళను సోఫాలోంచి లేపేసి, పట్టపగలు కిటికీలన్నిటికీ దుప్పట్లు కట్టి, పన్నెండో రోజు మధ్యాహ్నం రెండున్నరకు తన సొంత టీవీలో నలుపును నలుపుగా రప్పించాడు. అంతవరకూ ఆ నలుపు బూడిద రంగులో ఉండేది. ఆ సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు. తెలియనందుకు ఎవరికీ బెంగ కూడా లేదు.

వెంటనే అక్కకు ఫోన్ చేశాడు. అక్క అప్పుడు తన దర్జీ కొట్లో ఒక ప్యాంటుకు జేబు కుడుతోంది.

"అక్కా! బొగ్గులా వచ్చింది! అచ్చం బొగ్గే!"

"ఏం మాడిందిరా? స్టవ్ ఆపావా లేదా?"

"వంట కాదక్కా, టీవీ!"

"అయ్యో, కాలిపోయిందా?"

"కాలడమేమిటి, బాగుపడింది! నలుపు నల్లగా వచ్చింది!"

"ఒరేయ్, నల్లటి టీవీ చూడటానికి పదకొండు రోజులెందుకురా? స్విచ్ ఆపేస్తే సరిపోయేది కదా!"

నవ్వుతూనే అన్నది కానీ, ఆ సాయంత్రం వెళ్ళి చూసి అక్క నోరు తెరిచింది. తెర మీద నల్లకోటు వేసుకున్న మనిషి ఒకడు చీకటి సందులో నడిచిపోతున్నాడు. మామూలు టీవీలో అయితే మనిషి, కోటు, సందు కలిసి ఒకే మసిముద్దగా కనిపించేవి. ఇక్కడ సందు వేరు, కోటు వేరు. కోటుకు నాలుగు బొత్తాలు. మూడో బొత్తానికి దారం వదులుగా ఉంది. ముప్పై ఏళ్ళుగా బొత్తాలు కుడుతున్న అక్కకు అంతకుమించిన అద్భుతం ఏముంటుంది? "ఆ మూడోది రెండు రోజుల్లో ఊడిపోతుందిరా" అని, తమ్ముడి తల నిమిరి వచ్చింది.

తమ్ముడికి ఉన్నది ఈ ఒక్క పిచ్చే. ఎవరి ఇంట్లో అయినా సరే, టీవీ బొమ్మ ఉన్నది ఉన్నట్టు కనబడాలి. కనబడకపోతే తానే కూర్చుని సరిచేయాలి. యంత్రాలు పట్టుకుని వచ్చి సరిచేసే నిపుణులున్నారు కదా అంటే, "మన అన్నం పక్కింటాయన చేత తినిపించుకుంటామా?" అనేవాడు. ఆ పక్కింటాయన తన ఇంట్లో తన టీవీ తన ఇష్టమొచ్చినట్టు చూసుకుంటానంటే మాత్రం ఒప్పుకునేవాడు కాదు.

ఉద్యోగం నీళ్ళ మీటర్లు చదవడం. అందుకే వీధివీధంతా అతణ్ణి మీటరాయన అంటుంది. మీటరు పెరట్లో ఉంటుంది. పెరట్లోకి దారి హాలులోంచి. హాలులో టీవీ ఉంటుంది. ఇరవై రెండేళ్ళలో అతడు దాటని హాలు లేదు, చూసి మొహం చిట్లించని టీవీ లేదు.

"మీటరు వెనకాల ఉందండీ" అనేది ఇల్లాలు.

"మీటరెక్కడికీ పోదమ్మా. ముందు ఈయనకేమైందో చెప్పండి."

"ఎవరికి?"

"ఈ వార్తలు చదివే ఆయనకి. మొహం టమాటాలా ఉంది. జ్వరమా?"

"కొన్నప్పటి నుంచీ అంతేనండీ. మేం ఆయన రంగే అంత అనుకున్నాం."

"కొట్లో వంద దీపాల కింద మెరవాలని కంపెనీవాళ్ళు పెట్టి పంపిన రంగమ్మా అది. ఇంటికొచ్చాక కూడా పాపం పెళ్ళిబట్టలు విప్పలేదు. రిమోట్ ఇలా ఇవ్వండి."

రిమోట్ చేతికొస్తే ఇక అంతే. మొట్టమొదట షార్ప్‌నెస్‌ను సున్నాకు దించేవాడు. ఇంటివాళ్ళు గుండెలు బాదుకునేవారు. సున్నా అంటే ఏమీ ఉండదేమోనని వాళ్ళ భయం. తర్వాత రంగు సగానికి తగ్గించేవాడు. ఆ తర్వాత, మనుషులు పరిగెత్తితే నూనెలో జారినట్టు కనిపించేలా చేసే ఒక హంగు మెనూలో ఎక్కడో పదహారు మెట్లు దిగితే ఉంటుంది. దాన్ని వెతికి పట్టుకుని, చెవి మెలిపెట్టినట్టు ఆపేసేవాడు. చివరికి, "ఇదేమిటండీ, ఇంత సాదాగా ఉంది?" అని ఇల్లాలు ఏడుపు మొహం పెడితే, అందరికీ చెప్పే మాటే చెప్పేవాడు.

"వారం ఓపిక పట్టండి."

వారం తర్వాత వాళ్ళే ఫోన్ చేసేవారు. "మీటరాయనా, నిన్న మా చుట్టాలింటికి వెళ్ళామయ్యా. వాళ్ళ టీవీ చూస్తే కళ్ళు మండాయి. నువ్వొకసారి వెళ్తావా?" ఇలా ఒక వీధి నుంచి ఇంకో వీధికి, ఒక పేట నుంచి ఇంకో పేటకు అతడి కీర్తి నీళ్ళ గొట్టం వెంబడి పాకిపోయింది.

కీర్తి అంటే మాటలా? సెలూను టీవీ సంగతి చెప్పుకుంటే తెలుస్తుంది. మిట్టమధ్యాహ్నం సెలూను అద్దాలకు ఏడు దుప్పట్లు కట్టించాడు. దీపాలు ఆర్పించాడు. అప్పటికి కుర్చీలో ఒక పెద్దమనిషి సగం గడ్డం గీయించుకుని ఉన్నాడు.

"నా రెండో చెంప సంగతేమిటి?" అన్నాడు ఆయన చీకట్లోంచి.

"అయిదు నిమిషాలండీ. నలుపు కుదురుతోంది."

"నేను వియ్యంకుడి ఇంటికి వెళ్ళాలయ్యా!"

"నురగ ఆరనివ్వకండి. తడుపుకుంటూ ఉండండి."

అయిదు నిమిషాలు గంటంబావు అయ్యాయి. తీరా దుప్పట్లు విప్పేసరికి ఆ పెద్దమనిషి కుర్చీ తిప్పుకుని, రెండో చెంప మరిచిపోయి, తెర మీద ఈదుతున్న చేపల పొలుసులు లెక్కపెడుతున్నాడు. వియ్యంకుడి ఇంటికి మర్నాడు వెళ్ళాడట, అక్కడి టీవీ కూడా చూపించడానికి మీటరాయన్ను వెంటబెట్టుకుని.

ఇంతటివాడికీ ఒక లోటుంది. నలుపును ఓపికతో పట్టుకోవచ్చు. తెర మీద నల్లటి పట్టీలు వరసగా పెట్టి, మొదటిది మాయమై రెండోది కనీకనపడకుండా ఉండేదాకా బ్రైట్‌నెస్ తిప్పుతూ కూర్చుంటే చాలు. తెలుపు అలా లొంగదు. తెలుపులో ఎరుపు దాక్కుంటుంది, పచ్చ దాక్కుంటుంది, నీలం దాక్కుంటుంది. వాటిని బయటికి లాగాలంటే యంత్రమైనా ఉండాలి, కన్నైనా ఉండాలి. తమ్ముడి దగ్గర యంత్రం లేదు. తన కన్ను మీద అంత నమ్మకమూ లేదు. అతడి దగ్గర ఉన్నది అక్క.

అక్క చదువు ఊరి బడిలో అయిదో తరగతి. కానీ ఆమె కన్ను చదివిన చదువు వేరు. గుడ్డ చేతిలో పెట్టి, నూట నలభై దారపు ఉండలున్న అరలోకి తిరిగి చూడకుండా చెయ్యి పెడితే, సరైన ఉండే చేతిలోకి వచ్చేది. పాల తెలుపు, సున్నపు తెలుపు, కాగితపు తెలుపు, ఎముక తెలుపు, కోడిగుడ్డు తెలుపు అని తెలుపులోనే తొమ్మిది రకాలు విడదీసి చెప్పేది. కొట్టు బోర్డు మీద పేరు కన్నా పెద్ద అక్షరాలతో రాయించుకుంది: "రంగు తేడా రాదు." పదిహేనేళ్ళలో ఆ మాటకు మచ్చ రాలేదు.

తమ్ముడు టీవీకి తెలుపు కుదర్చాల్సి వస్తే అక్కకు కబురెళ్ళేది. కుర్చీ వేసేవాడు. కంటికి అంటిన రంగులు పోవాలని ఒడిలో ఒక బూడిదరంగు గుడ్డముక్క పెట్టి, "అయిదు నిమిషాలు దీన్నే చూడక్కా, వేరే దేన్నీ చూడకు" అనేవాడు. తర్వాత తెర మీద తెల్లటి చదరం వెలిగించేవాడు. అక్క కూరలో ఉప్పు సరిచూసే పద్ధతిలో తీర్పు చెప్పేది.

"ఎరుపెక్కువైంది. తియ్యి... ఇంకాస్త... అంత కాదురా, మొండోడా! పచ్చ ఒక్క చిటికెడు వెయ్యి. ఆగు. ఆగమన్నానా? అదీ! అదీ తెలుపు!"

మూడేళ్ళ క్రితం రొట్టెల దుకాణంలో ఈ కన్నుకు పరీక్ష జరిగింది. దుకాణం యజమాని ఎవరినీ తేలిగ్గా నమ్మే మనిషి కాదు. అక్కాతమ్ముళ్ళు కలిసి టీవీ బాగుచేయడమేమిటని, పట్నంలో పేరున్న నిపుణుణ్ణి పిలిపించాడు. ఆయన మూడు కాళ్ళ స్టాండు మీద యంత్రం నిలబెట్టి, తీగ తగిలించి, అంకెలు చూశాడు. మళ్ళీ చూశాడు. కళ్ళజోడు తుడుచుకుని మూడోసారి చూశాడు.

"దీన్ని ఇదివరకే ఎవరో చేశారే! నేను చేయాల్సింది ఏమీ లేదు. ఏ యంత్రంతో చేశారండీ?"

"మా అక్కతో" అన్నాడు తమ్ముడు.

"అది ఏ కంపెనీ?"

"మా నాన్నదే."

ఆ రోజు దుకాణంలో అందరికీ యజమాని తలో బన్ను పంచాడు. అక్క ఆ బన్నును ఇంటికి తెచ్చి భర్తకు చూపించి మరీ తిన్నది.

అలాంటి కన్ను కిందటేడు మొండికేసింది.

మొదట సూదిలో దారం ఎక్కేది కాదు. సూదులు నాసిరకం వస్తున్నాయని అక్క సూదుల కొట్టువాణ్ణి తిట్టింది. తర్వాత సాయంత్రం దీపాల చుట్టూ దూదిపింజల్లా వెలుగు కనిపించసాగింది. దీపాలు నాసిరకం అనుకుంది. ఆ తర్వాత ఒకనాడు బ్యాంకు గుమాస్తా ఒకాయన ప్యాంటు పట్టుకుని వచ్చాడు.

"ఏం లేదమ్మా, ముదురు నీలం ప్యాంటుకు నల్లదారం వేశారు. కాలు మీద కాలు వేసుకుంటే రైలు పట్టాల్లా కనిపిస్తోంది. పర్వాలేదులెండి, ఉండనీండి."

అక్క ఆ రెండు ఉండలూ గుమ్మంలోకి తీసుకెళ్ళి ఎండలో పెట్టి చూసింది. రెండూ ఒక్కలాగే ఉన్నాయి. ఇక సూదులను తిట్టలేదు. కొట్లో ఎవరూ లేని వేళ కుర్చీలో కూలబడి చాలాసేపు ఆ ఉండలకేసే చూస్తూ ఉండిపోయింది. కన్ను పోతే కొట్టు పోయినట్టే. "రంగు తేడా రాదు" అన్న మనిషికి రంగే తెలియడం లేదని వీధిలో పొక్కితే ఎవరు గుడ్డ ఇస్తారు? భర్తకు చెప్పలేదు. తమ్ముడికి అసలే చెప్పలేదు. వాడి తెలుపంతా తన మీదే ఆధారపడి ఉందాయె.

రెండు రోజులకు తమ్ముడు ఊరికే వచ్చినట్టు కొట్లోకి వచ్చి, దారపు అర ముందు నిలబడి, "ఇదేమిటక్కా, ఇంత గందరగోళం? నెంబర్లు లేకుండా నీకెలా తోస్తుంది?" అంటూ ప్రతి ఉండకూ చీటీ అంటించడం మొదలుపెట్టాడు. నలుపు, ముదురు నీలం, బూడిద, పాల తెలుపు, కాగితపు తెలుపు.

"నా కొట్టు నీ నీళ్ళ ఆఫీసు కాదురా! తీసెయ్ ఆ చీటీలు!"

"వారం ఓపిక పట్టక్కా" అన్నాడు తమ్ముడు, అక్షరాలు ఇంకాస్త లావుగా రాస్తూ.

అక్క ఆ చీటీలు తీయలేదు. తీయనందుకు కారణం ఎవరికీ చెప్పలేదు.

అదే నెలలో టీచరమ్మ ఇంటి టీవీకి తెలుపు కుదిర్చారు. అక్క కుర్చీలో కూర్చుని, "నీలం వెయ్యి... ఇంకా వెయ్యి... ఏమిట్రా పిసినారిలా వేస్తావ్, ధారాళంగా వెయ్యి" అంటూ ఎప్పుడూ లేనంత నీలం వేయించింది. తమ్ముడు ఒక్క క్షణం ఆగి అక్క మొహంలోకి చూశాడు. తర్వాత చెప్పినంతా వేశాడు. మర్నాడు టీచరమ్మ కొట్టు ముందు నుంచి వెళ్తూ నవ్వింది.

"మీ తమ్ముడు ఈమధ్య ఒక్క పనికి రెండుసార్లు తిరుగుతున్నాడండీ. ఇవాళ పొద్దున్నే మళ్ళీ వచ్చి, నిన్న చెయ్యి జారిందని సరిచేసి వెళ్ళాడు. వయసు మీద పడుతోందేమో!"

"వాడికేం వయసండీ, నాకన్నా ఆరేళ్ళు చిన్న" అన్నది అక్క. ఆ పూట ఎందుకో జేబు తలకిందులుగా కుట్టింది.

ఇంట్లో టీవీ కూడా పాత కాగితంలా పచ్చబడిందని అక్క గొడవ పెడితే తమ్ముడు వచ్చి సరిచేసి వెళ్ళాడు. అప్పటి నుంచి అక్కకు బొమ్మ ముత్యంలా కనిపించేది. బావగారు మాత్రం వార్తలు చూసేటప్పుడల్లా ఎందుకో శాలువా కప్పుకునేవాడు.

రొట్టెల దుకాణం యజమాని పెద్ద టీవీ కొన్నాడు. ఆదివారం పొద్దున, ఆయన లోపల పొయ్యి దగ్గర ఉండగా, అక్కాతమ్ముళ్ళు దుప్పట్లు కట్టి తెలుపు కుదిర్చారు. అక్క ఎంతంటే అంత నీలం వేసి, ఆమెను ఇంటికి పంపి, మర్నాడు వచ్చి సరిచేద్దామనుకున్నాడు తమ్ముడు. కానీ టీవీ అమ్మిన కొట్టువాళ్ళు అడగకపోయినా మూడేళ్ళ కిందటి ఆ యంత్రం ఆయన్నే ఆ మధ్యాహ్నం పంపారు. అప్పటికే దుకాణంలో జనం గొణుగుతున్నారు. తెర మీద ఎవరో కేకు చేస్తుంటే అది బూజుపట్టినట్టు కనిపిస్తోంది. ఆ కేకును చూసి చేతిలో రొట్టెను వాసన చూసేవాళ్ళు ఎక్కువయ్యారు. యజమాని మండిపడి మీటరాయన్ను పిలిపించాడు. కబురు తెలిసి అక్క కూడా వచ్చింది.

యంత్రం ఆయన అంకెలు చూసి తలెత్తాడు. "ఇదేమిటండీ, ఇంత నీలం? తెలుపు ఎవరు చెప్పారు? మీ అక్కగారేనా?"

దుకాణమంతా చెవులు రిక్కించింది. అక్క గుండె కుట్టుమిషను సూదిలా కొట్టుకుంది.

"అబ్బే, అక్క రానే లేదండీ" అన్నాడు తమ్ముడు. "కొట్లో పనుంది కదా. నేనొక్కణ్ణే చేశాను. నాకు తెలుస్తుందిలే అనుకున్నాను. పొగరు."

"యంత్రం లేదు, అక్క లేదు, ఇక దేంతో చేశావయ్యా, మోచేత్తోనా?" అన్నాడు యజమాని. జనం విరగబడి నవ్వారు. "ఇకమీదట మీటరు చూడటానికొస్తే వెనక గుమ్మం నుంచి రా. హాలు తొక్కావంటే ఊరుకోను!"

ఇరవై రెండేళ్ళలో తమ్ముడి చేతిలోంచి రిమోట్ లాక్కున్నవాళ్ళు ఎవరూ లేరు. యంత్రం ఆయన లాక్కున్నాడు. "ఇవాళ నాకు ఇంకో మూడు చోట్లకు వెళ్ళేది ఉంది, దీనికి సగం రోజు పడుతుంది. వచ్చే నెల చూద్దాం" అని, టీవీని కంపెనీవాళ్ళు పంపిన పాత రంగులోకి తిప్పేసి వెళ్ళాడు. తమ్ముడు తలవంచుకుని దుప్పట్లు మడతపెట్టుకున్నాడు. నోరు తెరిచి "తెలుపు చెప్పింది నేనేనండీ" అనాల్సిన అక్క, పెదవి విప్పలేదు. కొట్టు కళ్ళ ముందు కదిలింది. నాలుగు రోజులు అన్నం సహించలేదు.

అయిదో రోజు తమ్ముడే వచ్చాడు. ఏమీ జరగనట్టు, "అక్కా, ఒక చోట టీవీ ఉంది, చూస్తే గుండె తరుక్కుపోతుంది. నువ్వు రావాలి" అన్నాడు.

"నన్నెందుకురా? ఆ యంత్రం ఆయన్ను తీసుకెళ్ళు."

"యంత్రానికి జాలి ఉండదక్కా. పద."

తీసుకెళ్ళింది కంటి ఆసుపత్రికి. వరండాలో గోడకు నిజంగానే ఒక టీవీ ఉంది. నిజంగానే దాన్ని చూస్తే జాలేసేలా ఉంది. ఆకులు నీలంగా, మనుషులు ఆకుపచ్చగా ఉన్నారు. అక్క బూడిదరంగు గుడ్డ చేతిలో పట్టుకుని కుర్చీలో కూర్చుంది. తమ్ముడు రిమోట్ అడిగే నెపంతో లోపలికి వెళ్ళి వచ్చాడు. రెండు నిమిషాలకు నర్సమ్మ వచ్చి, "దర్జీ అక్కగారు ఎవరండీ? డాక్టరమ్మ పిలుస్తున్నారు" అన్నది.

"టీవీ గురించా?" అన్నది అక్క.

"అవునండీ, ముందు మీ కన్ను ఎంత బాగా చూస్తుందో పరీక్షిస్తారట" అంది నర్సమ్మ, నవ్వాపుకోలేక.

అక్క తమ్ముడికేసి తిరిగింది. "ఒరేయ్ దొంగా!"

"దొంగతనమేముంది? నా పరికరం నేను రిపేరుకు తెచ్చుకున్నాను."

డాక్టరమ్మ చూసి, రెండు కళ్ళల్లోనూ శుక్లాలు ముదిరాయని చెప్పింది. "ఇన్నాళ్ళూ పసుపుపచ్చ అద్దంలోంచి లోకాన్ని చూస్తున్నారమ్మా. నీలం మీదాకా రావడం లేదు. ముందు కుడికన్ను చేద్దాం. మూడు నాలుగు వారాలు చూసి ఎడమది."

ఆపరేషన్ పావుగంటలో అయిపోయింది. ఆ పావుగంటలో తమ్ముడు వరండా టీవీలో నలుపు కుదిర్చాడు. తెలుపు జోలికి మాత్రం పోలేదు. మర్నాడే నీళ్ళ ఆఫీసు అతణ్ణి పక్క జిల్లాకు పంపింది. అక్కడ కొత్తగా బిగించిన మీటర్లకు మూడు వారాల పని. "కట్టు విప్పాక ఏడవకక్కా, మందు కారిపోతుంది" అని ఫోనులో చెప్పి బస్సెక్కాడు.

కట్టు విప్పారు. అక్క ఏడవలేదు కానీ, ఆసుపత్రి కిటికీ దగ్గర నిలబడి కదలనని మొరాయించింది. కిటికీ అవతల ఉన్నది ఏమంత విశేషం? నీళ్ళ ట్యాంకు, ఆరేసిన దుప్పట్లు, వాటి పైన ఆకాశం. ఆ ఆకాశం అంత లోతుగా, అంత శుభ్రంగా, ఎవరో ఇప్పుడే ఉతికి పిండినట్టు ఉంది. దుప్పట్లలో ఒకటి పాల తెలుపు, ఒకటి సున్నపు తెలుపు, ఒకటి వాటిలో ఏదీ కాని పదో తెలుపు. ఇంతకాలం ఈ వెలుగంతా ఎక్కడికి పోయింది? "అమ్మా, వెనకాల ఇంకో అయిదుగురున్నారు" అని నర్సమ్మ చెయ్యి పట్టుకుంటే గానీ అక్క కదల్లేదు.

ఇంటికి రాగానే మొదటి దెబ్బ బావగారికి తగిలింది.

"ఏమండీ, ఈ చొక్కా ఎన్నాళ్ళ నుంచీ ఇలా మాసిపోయింది?"

"నువ్వు నిన్ననే ఉతికిచ్చావే!"

"గోడల మీద ఆ మరకలేమిటి?"

"భగవంతుడా, ఒక్క కన్నుకే ఇలా ఉంటే రెండోది కూడా వస్తే నేను వీధిలో కాపురం పెట్టాలి" అని బావగారు టీవీ పెట్టుకుని కూర్చున్నాడు.

అక్క తెర చూసి నిలబడిపోయింది. వార్తలు చదివే ఆయన చెరువులోంచి అప్పుడే తీసినవాడిలా నీలుక్కుపోయి ఉన్నాడు. చొక్కా నీలం, పళ్ళు నీలం, వెనకాల తెల్లగోడ నీలం.

"ఏమిటిది? టీవీకేమైంది?"

"ఏమీ కాలేదే. ఎప్పుడూ ఉన్నట్టే ఉంది."

అక్క కుడికన్ను మూసింది. ఆపరేషన్ కాని ఎడమకన్నుతో చూసింది. వార్తలాయన చక్కగా, మనిషిలా ఉన్నాడు. ఎడమకన్ను మూసి కుడికన్ను తెరిచింది. నీలం. మళ్ళీ ఎడమ. మనిషి. మళ్ళీ కుడి. నీలం. ఒక కన్ను మూస్తూ ఒక కన్ను తెరుస్తూ అక్క టీవీకి కన్నుకొడుతున్నట్టు చాలాసేపు నిలబడింది. తర్వాత మెల్లగా కుర్చీలో కూర్చుంది.

ఈ టీవీని తమ్ముడు టీవీలా సరిచేయలేదు. అక్క కంటికి కొలిచి కుట్టాడు. కంటిలో ఎంత పసుపుందో అంత నీలం తెరలో పోశాడు, రెండూ కలిసి అక్కకు తెలుపు అయ్యేలాగ. ఏ ఇంటి టీవీలో వీసమెత్తు రంగు తేడా ఉన్నా అన్నం ముట్టనివాడు, సొంత అక్క ఇంట్లో ఇంత తప్పును చేతులారా పెట్టి, వచ్చినప్పుడల్లా ఎదురుగా కూర్చుని, పళ్ళు బిగించుకుని చూసి వెళ్ళాడు.

"మీకు తెలుసా?" అన్నది అక్క.

బావగారు శాలువా సర్దుకున్నాడు. "తెలుసు. అక్కకు కొట్టంటే ప్రాణం బావా, ఆసుపత్రి అంటే భయం, నేనే ఏదో ఒకటి చేసి తీసుకెళ్తాను, అందాకా ఏమీ అనకు అన్నాడు."

"ఎన్నాళ్ళయింది?"

"వారం ఓపిక పట్టమన్నాడు. ఎనిమిది నెలలైంది. నీలం మనుషుల్ని చూసి చూసి నాకు చలి అలవాటైపోయింది."

అక్క నవ్వబోయి, డాక్టరమ్మ మాట గుర్తొచ్చి, కంట్లో చుక్కలు వేసుకుంది. ఎందుకైనా మంచిదని రెండుసార్లు వేసుకుంది.

మర్నాడు సాయంత్రం, రొట్టెలు వేడిగా దిగే వేళ, దుకాణంలో కాలు పెట్టే చోటు లేనప్పుడు చూసుకుని, నల్లకళ్ళజోడు పెట్టుకుని అక్క లోపలికి వెళ్ళింది.

"అందరూ ఒక మాట వినండి" అన్నది. కుట్టుమిషను చప్పుడు మీద మాట్లాడి మాట్లాడి ఆమె గొంతు పెద్దదే. "మొన్న ఆ టీవీకి నీలం వేయించింది నేను. మా తమ్ముడు కాదు. పొద్దున దుప్పట్ల వెనకాల కుర్చీలో కూర్చుంది నేనే. నా కళ్ళకు శుక్లాలు. నల్లదారానికీ నీలం దారానికీ తేడా తెలియని కళ్ళు. వాడికి తెలుసు. నా కొట్టు మూతపడుతుందని ఆ తప్పు నెత్తినేసుకున్నాడు. నేను నోరు మూసుకున్నాను. ఒక కన్ను బాగైంది, రెండోదీ బాగవుతుంది. ఈ ఏడాదిలో నేను కుట్టినవాటిలో రంగు తేడా ఉంటే పట్టుకు రండి, విప్పి మళ్ళీ కుట్టి ఇస్తాను. ఇక గుడ్డ ఇస్తారో మానేస్తారో మీ ఇష్టం."

వరసలో ఉన్న బ్యాంకు గుమాస్తా గొంతు సవరించుకున్నాడు. "అమ్మా, నాదొక ప్యాంటుంది, రైలు పట్టాలది."

"రేపే పట్టుకు రండి బాబూ."

"అది కాదండీ. అది చూసి మా ఆఫీసులో ఇద్దరు అలాగే కుట్టించుకుంటామంటున్నారు. ఏ కొట్లో దొరుకుతుందో చెప్పనా వద్దా అని."

టీచరమ్మ వెనకాల నుంచి, "నాకు కర్టెన్లు కుట్టాలి, రేపు గుడ్డ పంపిస్తాను" అన్నది. తర్వాత చిన్న గొంతుతో, "వయసు మీద పడిందని నేనన్న మాట ఆయనకు చెప్పలేదు కదా?" అని అడిగింది.

యజమాని మాత్రం గల్లా బల్ల వెనకాలే ఉండిపోయాడు. పిండి చేతులు తువ్వాలుకు తుడుచుకున్నాడు. తుడిచిన చేతులే మళ్ళీ తుడుచుకున్నాడు. తెర మీద ఒక వంటాయన మొహం టమాటాలా వెలిగిపోతోంది.

"యంత్రం ఆయన వచ్చే నెలాఖరు దాకా కుదరదంటున్నాడమ్మా" అన్నాడు చివరికి. "మీటరాయన మళ్ళీ నా గుమ్మం తొక్కుతాడంటారా?"

"ఏ గుమ్మం? వెనకదా?"

"ముందుదేనమ్మా! ముందుదే! అవసరమైతే ఆ దుప్పట్లు నేనే కడతాను."

"అయితే వస్తాడు. కుర్చీ ఒకటి వేసి ఉంచండి, నేనూ వస్తాను. ఈసారి కుడికన్నుతో చెప్తాను."

ఏ రొట్టె ఏ వేళకు దిగుతుందో రాసే నల్లబల్ల ఒకటి గోడకు ఉంది. యజమాని సుద్దముక్క తీసుకుని అక్కను తేదీ అడిగి, బన్నుల కింద, బిస్కెట్ల పైన, అందరికీ కనబడేలా రాశాడు: "మీటరాయన రాక: ఇరవై రెండో తేదీ, శుక్రవారం, ఉదయం పది గంటలకు."